గ్రంథాల కింద గుహలు

రాతిపనికి పేరుపడిన ఒకానొక రాజ్యాన్ని వీరమల్లదేవుడనే రాజు ఏలేవాడు. మంచివాడే గాని, తనకంటే ఎత్తున ఎవరున్నా సహించేవాడు కాదు.

ఆయన తాతగారు కొండమీద ఒక గ్రంథాలయం కట్టించారు. కాలక్రమాన అది తాళపత్రాలతో కిక్కిరిసిపోయింది. చోటు చాలక వసారాలో పేర్చిన మూడువందల గ్రంథాలు ఆ ఏటి వానజల్లుకు పాడైపోయాయి. అడుగునున్న కొండరాతిని తొలిచి గదులు చేస్తే తడి తగలదని మంత్రి సలహా ఇచ్చాడు.

"మా తాత కట్టిన దాని కింద నేను కట్టడమా?" అన్నాడు రాజు. పైనే రెండంతస్తులు లేపమని, కాదన్నవాడి కొలువు ఊడుతుందని ఆజ్ఞ వేశాడు.

రాతిపనివాళ్ల పెద్ద ఓబులేసు వెళ్లి గోడలు తట్టి చూశాడు. ఆ పునాదులు వేసింది అతని తాతే. పైన బరువు పడితే ఏడాది తిరక్కుండా కూలుతాయని అతనికి తెలిసిపోయింది. ఆ మాట చెబితే కొలువు పోతుంది, చెప్పకపోతే గ్రంథాలు పోతాయి. మూడు రోజులు ఆలోచించి, కొత్త కట్టడం మీద పెట్టే శాసనం ముందుగా చెక్కి చూపిస్తానని రాజుకు కబురంపాడు. రాజు సంతోషించాడు.

నిండుసభలో రాయి నిలబెట్టారు. ఆస్థానకవి పైకి చదివాడు: "తాత మోయుచుండగా, మనుమడు వీరమల్లదేవుడు పైన కూర్చుండెను."

రాజు ముఖం ఎర్రబడింది.

"నేనేమన్నా చంకబిడ్డనా?"

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. "ఏలినవారు పైన కడితే అడుగున మోసేది తాతగారే కదా, ప్రభూ. ఉన్నమాటే చెక్కాను. రాతికి రెండో ముఖం కూడా ఉంది, చూడండి."

రాయి తిప్పారు. అక్కడ ఇలా ఉంది: "తాత కూర్చిన విద్యానిధిని మనుమడు వీరమల్లదేవుడు భుజాలపై మోసెను."

"కింద కడితే ఇది. ఏ ముఖం బయటికి పెట్టమంటారో సెలవియ్యండి."

రాజు రెండుసార్లు చదువుకున్నాడు. ఆ గోడలు నిజంగా బరువు మోస్తాయా అని అప్పుడు అడిగాడు. మోయవన్నాడు ఓబులేసు.

"మరి ముందే చెప్పలేదేం?"

"ఏలినవారు ఎత్తు గురించే ఆజ్ఞ ఇచ్చారు, ప్రభూ. గోడల సంగతి ఇప్పుడే అడిగారు."

రాజు పకపకా నవ్వాడు. ఆయన నవ్వాక సభంతా నవ్వింది.

నూట ఇరవైమంది రెండేళ్లు కొండను తొలిచారు. పైన ఒక్క గోడా బీటవారలేదు. పన్నెండు గదులు సిద్ధమయ్యాయి. నడివానాకాలంలో రాజు స్వయంగా దిగి గోడ తడిమి చూస్తే చేతికి చెమ్మ తగల్లేదు. తన చేతి బంగారు కంకణం తీసి ఓబులేసుకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

రాళ్లు కొట్టినవాళ్లవీ, తట్టలు మోసిన ఆడవాళ్లవీ అందరి పేర్లూ ఒక తాళపత్ర గ్రంథంగా రాయించమని కోరాడు ఓబులేసు.

"కవులు నన్ను పొగిడి గ్రంథాలకెక్కారు. మీరు కొండను తొలిచి ఎక్కుతున్నారు" అంటూ రాజు నవ్వి, అప్పటికప్పుడే గంటం తెప్పించాడు.

మొదటి గదిలో, మొదటి అరలో పెట్టిన గ్రంథం అదే.