బొంతడి పిప్పిపన్ను

కొండల నడుమ తునికివాగు అడవి ఉండేది. అందులో దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు ఉండేవి. ఎవరి తిండి వారిది, ఎవరి దారి వారిది. వాగు నీళ్లు మాత్రం అందరివీ.

ఆ అడవిలో కాటుకమ్మ అనే ఎలుగుబంటికి ఇద్దరు పిల్లలు. ముందు పుట్టింది రేగి. కాసేపటికి పుట్టినవాడు బొంతడు. ఒంటి నిండా చిరిగిన బొంతలాగా బొచ్చు వేలాడేది కాబట్టి వాడికా పేరు పెట్టారు. వాడికి నడవడం వచ్చు. అయినా అమ్మ వీపెక్కి తిరగడమే ఇష్టం.

కాటుకమ్మ దగ్గర ఒక పద్ధతి ఉంది. పొద్దున లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి అందరూ పళ్లు తోముకోవాలి. ఆమె వేపకొమ్మ వంచి ఎవరి పుల్ల వారికి విరిచి ఇచ్చేది. ఒకరి పుల్ల ఇంకొకరు ముట్టకూడదు. పుల్ల చివర నమిలి కుంచెలాగా మెత్తగా చేసుకోవాలి. ముందు పళ్లు, వెనక పళ్లు, లోపలివైపు, నమిలే చోటు, అన్నీ తోమాలి. ఆ తర్వాత పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకోవాలి. నీళ్లు పుక్కిలించి గట్టు మీద ఉమ్మేయాలి.

"బలమంతా చూపించకండి, చిగుళ్లు చీరుకుపోతాయి. మెల్లగా తోమండి. మూలలు వదలకండి," అనేది కాటుకమ్మ.

రేగి చెప్పినట్టు చేసేది. బొంతడికి అదంతా దండగ పని అనిపించేది. వేప చేదు. తేనె తిన్నాక ఆ తీపి నోట్లో ఉండగానే నిద్రపోవడం వాడికి మహా ఇష్టం. అమ్మ చూడకుండా తేనెతుట్టె ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని మరీ పడుకునేవాడు.

ఒకరోజు వాడికి గొప్ప ఆలోచన వచ్చింది. ఎలుగుబంట్లకు పైవరుసలో ముందు రెండు పళ్లు ఉండవు. అది వాటి పుట్టుక. పుట్టను గోళ్లతో తవ్వి, మూతి దూర్చి, ఆ సందులోంచి చెదల్ని సర్రున పీల్చుకుంటాయి. కాటుకమ్మ పీలుస్తుంటే ఆ చప్పుడు అవతలి గట్టుకు వినిపించేది.

"అక్కా, ఆ రెండు పళ్లూ లేకపోబట్టే కదా అమ్మ అన్ని చెదలు తింటోంది?" అన్నాడు బొంతడు.

"అయితే?" అంది రేగి, వేపపుల్ల నములుతూ.

"ఇంకో రెండు ఊడితే ఇంకా ఎక్కువ తినొచ్చు. సందు పెద్దదైతే చెదలు గుంపులు గుంపులుగా వస్తాయి. ఈ తోముడంతా ఎందుకు? ఉడతలకు కావాలి పళ్లు. మనకెందుకు?"

"మారేడు కాయ కొరకవా?"

"పీలుస్తాను."

"మారేడు కాయను పీలుస్తావా?"

"దాని సంగతి అప్పుడు చూద్దాంలే. నువ్వు నీ చేదు నములుకో."

ఆనాటి నుంచి బొంతడు దొంగ తోముడు మొదలుపెట్టాడు. అమ్మ ఇచ్చిన పుల్ల పట్టుకుని బండ వెనక్కి వెళ్లేవాడు. చివర కాస్త నమిలి పారేసేవాడు. రెండు వేపాకులు నలిపి పెదాలకు రాసుకుని తిరిగి వచ్చేవాడు.

"తోమావా?" అని అడిగేది కాటుకమ్మ.

"తోమానమ్మా. వాసన చూడు."

ఆమె వంగి వాసన చూసేది. వేప వాసన గుప్పున కొట్టేది. సరే అని తన పని మీద వెళ్లిపోయేది. ఆమె చేసిన పొరపాటు అదే. వాసన చూసింది కానీ నోరు తెరిపించి చూడలేదు.

తేనె బాగా దొరికే కాలం గడిచింది. ఒక ఉదయం బొంతడు ఆవలిస్తుంటే రేగి కంటికి ఏదో కనిపించింది.

"నీ దవడ పంటి మీద నల్లచుక్క ఉందిరా."

"చెదలతో పాటు మట్టి వచ్చింది."

"మట్టయితే కడిగితే పోతుంది. కడుక్కో."

"రేపు కడుక్కుంటా."

ఆ రేపు రాలేదు. నల్లచుక్క గుంట అయింది. తీపి తగిలితే పన్ను జివ్వుమనేది. బొంతడు ఆ వైపు నమలడం మానేసి రెండో వైపు నమిలేవాడు. అమ్మకు చెబితే దొంగ తోముడు బయటపడుతుందని నోరు మూసుకున్నాడు.

ఎండలు ముదిరాయి. తునికివాగు చిన్న చిన్న గుంటలైపోయింది. గుంటల చుట్టూ దుప్పులు, పందులు తోసుకోవడం మొదలైంది. కాటుకమ్మ పిల్లలిద్దరినీ దగ్గరకు పిలిచింది.

"కొండ దాటితే పెద్దమడుగు ఉంది. ఎండాకాలమంతా అక్కడ నీళ్లుంటాయి. మనం వెళ్లిపోదాం. దారిలో నీటిచుక్క ఉండదు. ఈసారి నా వీపెవరూ ఎక్కకూడదు. మీరు బరువయ్యారు. మిమ్మల్ని మోస్తే నేనే కూలబడతాను. అందుకని బయల్దేరే ముందు మారేడు కాయలు బాగా తిని బలం తెచ్చుకోండి."

ఆమె చెట్టు దులిపింది. కాయలు దబదబా రాలాయి. రేగి ఒకటి తీసుకుని దవడల మధ్య పెట్టి టప్పున పగలగొట్టింది. లోపలి గుజ్జు తింటూ కూర్చుంది. బొంతడు కూడా ఒకటి తీసుకున్నాడు. పెద్ద కాయ చూసి మరీ తీసుకున్నాడు. బాగున్న దవడతోనే కొరికాడు కానీ, కాయ జారి రెండో వైపుకు వెళ్లింది.

టప్పుమంది. పగిలింది కాయ కాదు, పన్ను.

బొంతడు నేల మీద దొర్లాడు. సాయంత్రానికి చిగురు వాచింది. బుగ్గ తాటికాయంత అయింది. కాయ కొరకలేడు, పండు నమలలేడు. ఇక మిగిలింది చెదలు. వాడు పుట్ట దగ్గరికి మూలుగుతూ వెళ్లి, మూతి దూర్చి, బలంగా పీల్చాడు. గాలి సర్రున వెళ్లి ఆ విరిగిన పంటికే తగిలింది. నొప్పి నెత్తి దాకా పాకింది. ఒక్క చెద కూడా లోపలికి వెళ్లలేదు.

"సందు పెద్దదైందిగా, పీల్చు," అంది రేగి. వాడి మొహం చూశాక వెళ్లి అమ్మను తీసుకొచ్చింది.

కాటుకమ్మ మొదటిసారి వాడి నోరు తెరిపించి చూసింది.

"ఎన్నాళ్ల నుంచి తోముకోవడం లేదు?"

బొంతడు తల దించుకున్నాడు. "తేనెల కాలం నుంచి."

"మరి వేప వాసన?"

"ఆకు రాసుకునేవాణ్ని."

ఆమె తిట్టలేదు, కొట్టలేదు. నేరుగా రాళ్లగుట్ట మీదికి వెళ్లి కొండముచ్చు వెండమ్మను పిలుచుకొచ్చింది. ఎలుగు గోళ్లు పంటిని పట్టలేవు. కొండముచ్చు వేళ్లు పట్టగలవు.

వెండమ్మ తొంగి చూసి ముక్కు మూసుకుంది. "వదినా, ఇది నోరా, కుళ్లిన తొర్రా? పిప్పిపన్ను. ఉంచితే పక్క పన్ను కూడా పోతుంది. తీసేయాల్సిందే."

"తియ్యి," అంది కాటుకమ్మ.

"నొప్పెడుతుందా అత్తా?" అని అడిగాడు బొంతడు.

"పెడుతుంది. లేదని చెప్పి మోసం చెయ్యను. నా వేలు మాత్రం కొరక్కు. కొరికితే మిగిలినవి కూడా పీకేస్తా."

కాటుకమ్మ వాడి తల పట్టుకుంది. రేగి కాళ్లు పట్టుకుంది. వెండమ్మ పన్ను పట్టి అటూ ఇటూ ఆడించి లాగేసింది. బొంతడి అరుపుకు గుంటల దగ్గర దుప్పులు చెదిరిపోయాయి. ఊడిన పన్ను లోపల అంతా డొల్ల.

"ఇది మళ్లీ వస్తుందా?" అన్నాడు బొంతడు, కాసేపయ్యాక.

"రాదు," అంది వెండమ్మ, చేతులు మట్టికి తుడుచుకుంటూ. "ఉన్నవాటిని చూసుకో."

వాపు తగ్గే వరకు ప్రయాణం ఆగింది. మిగతా జంతువులు ముందే వెళ్లిపోయాయి. రేగి నమిలి మెత్తగా చేసి ఉమ్మిన గుజ్జు తిని బొంతడు రోజులు గడిపాడు. అది వాడికి పన్ను పీకినప్పటి కంటే చిన్నతనంగా ఉండేది. కానీ ఆకలి ముందు చిన్నతనం ఎంతసేపు నిలుస్తుంది? కళ్లు మూసుకుని మింగాడు.

చివరి గుంట ఎండిపోయిన రోజున బయల్దేరారు. రేగి ముందు నడిచింది. బొంతడు కొండ సగం ఎక్కేసరికి కూలబడ్డాడు. కాటుకమ్మ వెనక్కి తిరిగి చూసింది. మోస్తే తను అలిసిపోతుంది. వదిలేస్తే వాడు చచ్చిపోతాడు. ఆమె వంగింది. వాడు వీపెక్కాడు. ఇదివరకు ఆ వీపు మీద వాడికి హాయిగా ఉండేది. ఇప్పుడు ప్రతి అడుగుకూ అమ్మ ఎగశ్వాస వినిపిస్తోంది. కొండ దిగడం మొదలు కాగానే వాడు తనంతట తనే కిందికి దూకి, తూలుతూ నడిచాడు.

పెద్దమడుగు చేరేసరికి నీడ ఉన్న ఒడ్డంతా పందులు, దుప్పులు పంచుకున్నాయి. ఎలుగులకు మిగిలింది ఎండ కొట్టే రాళ్ల ఒడ్డు. కాటుకమ్మ మడుగులో మూతి పెట్టి ఎంతసేపో తాగింది. తర్వాత రాళ్ల మీదే పడుకుంది.

"నీడ పోయింది," అంది రేగి తమ్ముడి వైపు చూసి.

"నా వల్లే," అన్నాడు బొంతడు.

సాయంత్రం రేగి మారేడు కాయ పగలగొట్టి తింది. బొంతడు గుజ్జు తీసుకుని ఎడమవైపు మెల్లగా నమిలాడు. తినడం అయ్యాక ఎవరూ చెప్పకుండానే వెళ్లి వేపకొమ్మ వంచాడు. పుల్ల నమిలి, ముందూ వెనకా తోముకున్నాడు. నాలుక గీసుకుని, పుక్కిలించి వచ్చాడు.

"అమ్మా, తోముకున్నా," అన్నాడు.

కాటుకమ్మ వాసన చూడలేదు. "నోరు తెరువు," అంది.

వాడు తెరిచాడు. ఆమె వాడి మొహాన్ని వెలుతురు వైపు తిప్పి, ఒక్కో పన్నూ చూసింది.

"ఎడమవైపు చివర మారేడు గుజ్జు అంటుకుని ఉంది. మళ్లీ తోము."

బొంతడు పుల్ల పట్టుకుని మడుగు వైపు నడిచాడు.

నీతి: పళ్లు తోముకోవడానికి బద్ధకించి పెద్దవాళ్లను మోసం చేయవచ్చు కానీ, పంటిని మోసం చేయలేం, అది పాడయ్యాక తినే ప్రతి ముద్దకూ బాధ తప్పదు.