మహారాజు చెప్పులు తొడిగిన వేళ

పెదగట్టు మహారాజు ఆ పొద్దున కొలువులోకి వస్తూనే గర్జించాడు.

"చిట్టెన్నా! నా అద్దాల మేడ వడ్డీ రాత్రికి రాత్రే నాలుగింతలైంది. సాయంత్రంలోగా దాన్ని దించు. దించలేకపోయావో, పెరిగినదంతా నీ జీతంలోంచి కడతావు!"

వస్తూనే అన్నాను గానీ మహారాజు నడిచి రాలేదు. పడకగది నుంచి కొలువుకి కూడా ఆయన పల్లకీలోనే వస్తాడు. నేలంటే ఆయనకి అంత గౌరవం.

చిట్టెన్న కొలువులో నవ్వించే ఉద్యోగి. జీతమంతా ధారపోసినా ఆ వడ్డీకి ఏ మూలకీ రాదు. అంటే ఇక జన్మంతా ఉత్త పుణ్యానికి నవ్వించాలన్నమాట.

అసలు సంగతేమిటంటే, మూడేళ్ల కిందట మహారాజుకి తనని తాను అన్ని వైపులనుంచీ చూసుకోవాలని బుద్ధి పుట్టింది. దానికోసం అద్దాల మేడ కట్టాడు. డబ్బు చాలక ఆ మేడనే షావుకారు నాగలింగం దగ్గర తాకట్టు పెట్టాడు.

అప్పుడు నాగలింగం గంధం పూశాడు, పన్నీరు చల్లాడు, స్వయంగా విసనకర్ర పట్టాడు. "మూడేళ్లపాటు నూటికి అర్ధరూపాయే మహారాజా! పిడుగు పడినా మారదు" అన్నాడు. మూడేళ్ల తర్వాత ఏమిటని ఎవరూ అడగలేదు. అందరూ ఆయన తెచ్చిన బాదంపాలు తాగుతున్నారు.

ఆ గడువు నిన్నటితో తీరిపోయింది. వడ్డీ నూటికి రెండు రూపాయలైంది.

నాగలింగాన్ని పిలిపించారు. ఈసారి గంధమూ లేదు, పన్నీరూ లేదు. వచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"గడువు తీరాక వడ్డీ నా ఇష్టం మహారాజా. పత్రంలోనే ఉంది."

సేనాపతి కత్తి మీద చెయ్యి వేశాడు.

"వద్దులే, సంతకం నాదే" అన్నాడు మహారాజు నీరసంగా.

"ముందుగా ఒక్క మాట చెప్పొచ్చుగా షావుకారుగారూ?" అన్నాడు చిట్టెన్న.

"అడిగితే చెప్పేవాణ్ణే!"

"ఇవాళ కొత్తగా ఎవరైనా అప్పుకొస్తే వడ్డీ ఎంత?"

"అర్ధరూపాయే. కొత్తవాళ్లు కదా, మర్యాద చెయ్యొద్దూ?"

"మరి పాతవాళ్లకి?"

నాగలింగం పకపకా నవ్వాడు. "పాతవాళ్లు ఎక్కడికి పోతారయ్యా?"

ఒళ్లు మండినా, అన్నమాట నిజమే. ఊళ్లో సగం ఇళ్లు ఆయన దగ్గరే తాకట్టులో ఉన్నాయి. గడువు తీరి వడ్డీ పెరగ్గానే జనం నాగలింగాన్ని తిట్టుకుంటారు, తిట్టుకుంటూనే కడతారు. ఇంకో షావుకారు దగ్గరికి పోవాలంటే మళ్లీ పత్రాలు రాయించాలి. ఆ కొత్త షావుకారు మనుషులు ఇంటి వెల కట్టడానికొచ్చి వంటింట్లోకి కూడా తొంగిచూస్తారు. ఎవడు పడతాడా బాధ! నాగలింగం ఆస్తి ఆయన తెలివితో పెరిగింది కాదు, ఊరి బద్ధకంతో పెరిగింది. ఆ బద్ధకస్తుల్లో అందరికన్నా పెద్దాయన సింహాసనం మీదున్నాడు.

"షావుకారుగారూ, గడువు లోపల అప్పు తీర్చేసుంటే?"

"జరిమానా వేసేవాణ్ణి."

"ఇప్పుడు తీర్చేస్తే?"

"గడువే లేనప్పుడు జరిమానా ఎక్కడిది?" అని ఆవులించాడు నాగలింగం.

చిట్టెన్న మహారాజుకి చేతులు జోడించాడు.

"ప్రభూ, చెప్పులు తొడుక్కోండి."

కొలువంతా నోరెళ్లబెట్టింది. పట్టాభిషేకానికి కుట్టించిన కిర్రుచెప్పులు ఒక జత ఉంటే, వెతికి దుమ్ము దులిపి తెచ్చారు.

"ఎక్కడికోయ్?" అన్నాడు మహారాజు అనుమానంగా.

"కోట గుమ్మానికి ఎదురుగా పానకాల షావుకారు కొట్టుంది ప్రభూ. ఆయన అప్పిస్తే ఈయన బాకీ తీర్చేద్దాం. అక్కడ మనం కొత్తవాళ్లం."

మహారాజు లేచాడు. ఒక అడుగు వేశాడు. కిర్రు!

నాగలింగం కాలు మీది కాలు దిగింది. "మహారాజా, నడుస్తారా? బయట ఎండ!"

కిర్రు, కిర్రు.

"రూపాయిన్నర!" అంటూ నాగలింగం వెంటపడ్డాడు.

కిర్రు, కిర్రు, కిర్రు.

"రూపాయి! ముప్పావలా!"

మహారాజుకి హుషారొచ్చింది. "ఏమోయ్ చిట్టెన్నా, నడిస్తే ఇంత లాభమా? ఇన్నాళ్లూ నన్ను పల్లకీలో ఎందుకు మోశారర్రా?"

గుమ్మం చేరేసరికి అవతల పానకాలు గంధపు గిన్నెతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. మహారాజు నడుస్తున్నాడని విని ఊరు ఊరంతా వింత చూడ్డానికొచ్చింది. విషయం తెలిసినకొద్దీ ఒక్కొక్కరూ తమ కాళ్లవంక చూసుకోవడం మొదలుపెట్టారు. నాగలింగం ఆ చూపులన్నీ లెక్కపెట్టుకున్నాడు.

మహారాజు గడప దాటడానికి కాలెత్తాడు.

"అర్ధరూపాయి! పాత వడ్డీయే! ఇంకో మూడేళ్లు మారదు!" అని కేకపెట్టాడు నాగలింగం.

మహారాజు కాలు గాల్లోనే ఆగింది.

"మళ్లీ గడువు తీరే ముందు కబురు చేస్తారా?" అన్నాడు చిట్టెన్న.

"నెల ముందే నేనే వస్తాను!"

"గంధం?"

"తెస్తాను బాబూ, తెస్తాను! పత్రం ఇప్పుడే రాసిస్తాను!"

మహారాజు కాలు వెనక్కి దించాడు. "నీ జీతం నీదేనోయ్! ఇంకేం కావాలో కోరుకో!" అన్నాడు.

"ఆ చెప్పులు ఇప్పించండి ప్రభూ. గడువు తీరినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. రోజుకొకరికి అద్దెకిచ్చి ఈ షావుకారుగారి వీధిలో నడిపిస్తాను."

నాగలింగం గుమ్మంలోనే కూలబడ్డాడు. "చిట్టెన్నగారూ, ఆ చెప్పులు నాకు అమ్మండి! చవకగా చూసి ఒక ధర చెప్పండి!"

చిట్టెన్న చెప్పులు చంకలో పెట్టుకున్నాడు.

"చవక ధర కొత్తవాళ్లకే షావుకారుగారూ. మీరు మాకు పాతవాళ్లు కదా!"

ఊరంతా గొల్లున నవ్వింది. మహారాజు నవ్వీ నవ్వీ తలపాగా ఊడిపడుతున్నా పట్టించుకోక, మెళ్లో హారం తీసి చిట్టెన్న మెళ్లో వేసి, వట్టి కాళ్లతోనే లోపలికి నడిచాడు.