ఒక్క ఫోన్లోనే తెరుచుకునే యాప్

నరసరావుపేట దగ్గర ఒక యూనివర్సిటీలో ఎంసీఏ చదివే ఫణీంద్రకి తెలివి బోలెడంత ఉండేది గానీ, పక్కన కూర్చున్న మనిషిని నమ్మే గుణం మాత్రం ఇసుమంత కూడా ఉండేది కాదు.

ల్యాబ్‌లో ఎప్పుడూ గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు, వెనకనుంచి ఎవరూ స్క్రీన్ చూడకుండా. ఎవరైనా అటుగా వస్తే చాలు, ల్యాప్‌టాప్ మూత సగం దించేసేవాడు. "టైమెంతైందిరా?" అని అడిగినా "ఎందుకడుగుతున్నావ్?" అనేవాడు. హాస్టల్లో కుర్రాళ్ళు ఊరుకుంటారా? "రేయ్, వీడు అద్దంలో చూసుకున్నా సరే, లోపలున్నవాడు ఎవడ్రా నన్నే చూస్తున్నాడు అంటాడ్రా!" అని ఏడిపించేవాళ్ళు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. ఫణి నవ్వేవాడు కాదు. వీళ్ళు ఇంతగా నవ్వుతున్నారంటే వెనకాల ఏదో ఉంది అనుకునేవాడు.

ఆఖరి సెమిస్టర్లో ప్రాజెక్టు వచ్చింది. వెబ్‌సైటో మొబైల్ యాపో, జనానికి పనికొచ్చేది ఒకటి తయారుచెయ్యాలి. రాజ్యలక్ష్మి మేడం ముగ్గురేసి చొప్పున టీములు వేసింది. ఫణి టీములో జోయెల్ అనే కుర్రాడు, షబీనా అనే అమ్మాయి పడ్డారు.

"ఏం చేద్దాం మరి?" అన్నాడు జోయెల్.

"బస్సు యాప్ చేద్దాం," అంది షబీనా, ముందే అనుకున్నట్టు.

షబీనాది వినుకొండ అవతల ఒక పల్లె. కాలేజీ బస్సులో వచ్చి వెళ్ళేది. వాళ్ళ నాన్నని అబ్బా అని పిలిచేది. "మా బస్సు ఒకరోజు ముందే వెళ్ళిపోద్ది, ఇంకోరోజు ఎంతసేపటికీ రాదు. హైవే పక్కన ఒక్కదాన్నే నిలబడతా. లారీలు ఆపి మరీ ఎక్కడికి అని అడుగుతారు. మా అబ్బా చూసీ చూసీ మొన్న చెప్పేశాడు. ఈ సెమిస్టర్లో బస్సు సంగతి తేలకపోతే చదువు మాని ఇంట్లో కూర్చోమన్నాడు. బస్సు ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తే, అది దగ్గరికొచ్చాకే నేను ఇంట్లోంచి బయలుదేరతా కదా."

మేడంకి చెబితే ఆవిడ సంతోషపడింది. కాలేజీ బస్సులు చూసుకునే వీరాంజనేయులు గారితో మాట్లాడింది కూడా. "ముందు చేసి చూపించమనండి. పనిచేస్తే నిజంగానే మా బస్సుల్లో పెట్టుకుంటాం," అన్నాడాయన.

పని పంచుకున్నారు. ఆఫీసులో కూర్చుని అన్ని బస్సులూ చూసుకునే వెబ్‌సైటు షబీనా చేస్తుంది. డ్రైవర్ ఫోన్ని బట్టి బస్సు ఎక్కడుందో చూపించే మ్యాపు జోయెల్ చేస్తాడు. ఆ రెండిటినీ కలిపి ఫోన్లో నడిచే యాప్‌గా కట్టే పని ఫణిది. మేడం ఒక పద్ధతి పెట్టింది. ప్రతి శుక్రవారం ముగ్గురూ తాము రాసిన కోడ్ అంతా ఆన్‌లైన్లో టీముకంటూ ఉన్న చోట పెట్టాలి. ఒకరిది ఒకరు చదవాలి. "పక్కవాడు చదవని కోడ్‌లో తప్పు దాక్కుంటుందమ్మా," అనేది ఆవిడ.

ఆ మాట అందరికీ పాఠంలాగా వినిపించింది. ఫణికి మాత్రం వలలాగా వినిపించింది. నా కష్టం అందరి ముందూ ఎందుకు పరచాలి? ఎవడైనా ఎత్తుకుపోతే?

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్తే, జోయెల్ ఇంకో టీము ధనుంజయతో కూర్చుని ఉన్నాడు. బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. ఇద్దరూ ఏదో చూసి నవ్వుకుంటున్నారు. ఫణి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అయిపోయింది, నా యాప్ అమ్మేస్తున్నాడు అనుకున్నాడు. పోనీ అనుమానం వచ్చినప్పుడు వెళ్ళి అడగొచ్చు కదండీ? అడగడు. అడిగితే వాళ్ళు జాగ్రత్తపడతారట!

ఆ సాయంత్రమే ఫణి యాప్‌లో ఒక తాళం పెట్టాడు. తాళమంటే నిజం తాళం కాదు, నాలుగు లైన్ల కోడ్. యాప్ తెరవగానే అది ఏ ఫోనో చూసుకుంటుంది. ఫణి ఫోనైతే చక్కగా నడుస్తుంది. ఇంకెవరి ఫోనైనా తెల్ల తెర చూపించి మూసుకుపోతుంది. "తీసుకెళ్ళి ఏం చేసుకుంటారో చేసుకోండి," అనుకున్నాడు. శుక్రవారం మాత్రం ఆన్‌లైన్లో తాళం లేని పాత కోడ్ పెట్టి, ఇదే కొత్తది అని చెప్పాడు. ఫోన్లో వేసి చూడమని జోయెల్‌కి ఇచ్చిన యాప్‌లో తాళం అలాగే ఉంది.

రెండు రోజులకి జోయెల్ వచ్చాడు. "రేయ్ ఫణీ, నువ్విచ్చిన యాప్ నా ఫోన్లో వేస్తే తెరుచుకోవట్లేదురా. తెల్లగా వచ్చి పోతోంది."

"నీది పాత ఫోన్ కదరా."

"పాతదైతే మాత్రం? నా మ్యాపు విడిగా బాగానే నడుస్తోందిగా."

"అయితే నీ మ్యాపులోనే ఏదో తేడా ఉండుంటది. చూసుకో," అన్నాడు ఫణి, మొహం చూడకుండా.

పాపం జోయెల్ నమ్మాడు. మ్యాపు మొత్తం మళ్ళీ మొదటినుంచి రాశాడు. అయినా తెల్ల తెరే. ఇంకోలా రాశాడు. మళ్ళీ తెల్ల తెరే. ఫోన్ వల్లేమోనని ధనుంజయ కొత్త ఫోన్ అడిగి తీసుకుని అందులో వేసి చూశాడు. అది ఫణి కంటపడింది. నేను అనుకున్నదే! నా యాప్ వాళ్ళ ఫోన్లో వేస్తున్నాడు. తాళం పెట్టి ఎంత మంచి పని చేశానో అనుకున్నాడు. తను పెట్టిన తాళమే ఆ కుర్రాణ్ణి పదిమంది దగ్గరికీ తిప్పుతోందని అతనికి తట్టలేదు.

షబీనా కూడా అడిగింది. "నా ఫోన్లో ఒకసారి వెయ్యి ఫణీ, మా అబ్బాకి చూపిస్తా."

"ఇంకా పూర్తి కాలేదు. డెమో రోజు చూద్దువుగాని," అన్నాడు.

డెమో రోజు రానే వచ్చింది. సెమినార్ హాలు నిండిపోయింది. ముందు వరసలో మేడం, వీరాంజనేయులు గారు, ఆయన పక్కన వినుకొండ బస్సు డ్రైవర్ అంకమ్మరావు కూర్చున్నారు. ఫణి తన ఫోన్ని పెద్ద తెరకి కలిపి చూపించాడు. మ్యాపు మీద నమూనా బస్సు బొమ్మ కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. షబీనా మొహం వెలిగిపోయింది.

"బాగుందయ్యా," అన్నాడు వీరాంజనేయులు గారు. "ఇప్పుడు మా అంకమ్మరావు ఫోన్లో వెయ్యి."

ఫణి తన ఫోన్నే ముందుకి చాపాడు. "సార్... ఇందులో చూశారు కదా సార్."

"చూశానయ్యా. బస్సు నడిపేది నువ్వు కాదుగా, ఆయన!"

హాలంతా నవ్వింది. అంకమ్మరావు ఫోన్ తీసి ఇచ్చాడు. ఫణి అందులో యాప్ వేశాడు. తెల్ల తెర వచ్చింది. మూసుకుపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తెల్ల తెర.

"ఏం బాబూ, నా ఫోన్ మీ యాప్‌కి నచ్చలేదా?" అన్నాడు అంకమ్మరావు.

వీరాంజనేయులు గారు తన ఫోన్ ఇచ్చాడు. అందులోనూ అంతే. అప్పుడు జోయెల్ లేచి నిలబడ్డాడు.

"సార్, తప్పు నాది సార్. మ్యాపు రాసింది నేనే. ఎన్నిసార్లు మార్చినా కుదర్లేదు సార్. వీళ్ళిద్దరికీ మార్కులు తగ్గించకండి మేడం."

"పాపం, రోజూ నా ఫోన్ అడిగి తీసుకుని పరీక్షిస్తూనే ఉన్నాడు సార్," అన్నాడు ధనుంజయ వెనకనుంచి. "క్యాంటీన్లో మా మెస్ యాప్ చూపిస్తే, మాకు కూడా తప్పులు చెప్పాడు."

అంటే ఆరోజు వాళ్ళు చూస్తున్నది ధనుంజయ వాళ్ళ యాపు. అది ఫణికి ఇప్పుడర్థమైంది. నోరు మూసుకుని కూర్చుంటే తప్పు జోయెల్ మీదకి పోతుంది, తను బయటపడతాడు. కానీ జోయెల్ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంటే, ఎంత అనుమానం మనిషికైనా నోరు మూసుకోవడం కుదర్లేదు.

"జోయెల్ తప్పేం లేదు మేడం," అన్నాడు. "నేనే తాళం పెట్టాను. ఎవరైనా దొంగిలిస్తారేమోనని... నా ఫోన్లో తప్ప తెరుచుకోకుండా చేశాను. ఐదు నిమిషాలివ్వండి, తీసేస్తాను."

 జోయెల్ కూర్చుండిపోయాడు. షబీనా మాత్రం మెల్లగా అంది.

"రేపు కూడా నేను హైవే మీద నిలబడాలి ఫణీ. బస్సు నీ ఒక్కడి ఫోన్లోనే కనిపిస్తది కదా, చూసి నాకు చెప్తావా?"



వీరాంజనేయులు గారు కుర్చీలోంచి లేచాడు. "ఐదు నిమిషాలు అక్కర్లేదయ్యా. ఈ తాళం నువ్వు చెప్పావు కాబట్టి తెలిసింది. ఇంకేం దాచావో నాకేం తెలుసు? మా బస్సుల్లో ఆడపిల్లలు తిరుగుతారు. నీ యాప్ వాళ్ళ ఫోన్లలో ఎలా వెయ్యమంటావు?"

"ఇంకేం లేదు సార్! ఒట్టు సార్!"

"నువ్వు ఎవరి మాటైనా నమ్మావా, నీ మాట మేం నమ్మడానికి?"

ఫణి తల దించుకున్నాడు. జీవితమంతా మనుషుల్ని అలా చూసినవాడే. అలాంటి చూపు తన మీద పడితే ఎంత గుచ్చుకుంటుందో ఆరోజే తెలిసింది.

మేడం కల్పించుకుంది. షబీనా సంగతి చెప్పి, ఆయన్ని బతిమాలింది. చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు. ఫణి రాసిన కోడ్ ప్రతి లైనూ వేరే టీము చదవాలి. ఏమీ దాచలేదని వాళ్ళు సంతకం పెడితేనే, అదీ వినుకొండ బస్సు ఒక్కదాంట్లోనే యాప్ పెట్టనిస్తాడు. చదవడానికి మేడం ఎవర్ని పెట్టిందనుకున్నారు? ధనుంజయ టీమునే!

మర్నాటినుంచి ఫణి గోడ పక్కన కాకుండా ల్యాబ్ మధ్యలో కూర్చోవాల్సి వచ్చింది. వెనకాల ముగ్గురు నిలబడి స్క్రీన్ చూసేవాళ్ళు. "ఇదెందుకు రాశావ్? దీని వెనకాల ఏముంది?" అని ప్రతిదానికీ అడిగేవాళ్ళు. ఏమీ లేనిచోట కూడా రెండుసార్లు అడిగేవాళ్ళు. ఫణికి ఏడుపొచ్చేది. అయినా ఓపిగ్గా చెప్పేవాడు. అలా చదువుతుండగా ధనుంజయ ఒకచోట ఆపాడు. "ఇక్కడ చూడు, ఈ కోడ్ ముక్క బస్సు ఆగినా ఊరికే నడుస్తూనే ఉంటదిరా. డ్రైవర్ ఫోన్లో ఛార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోద్ది," అన్నాడు. నిజమే. ఫణి ఒక్కడే ఎన్నిసార్లు చూసుకున్నా ఆ తప్పు కనపడలేదు. కోడ్ దొంగిలిస్తాడనుకున్నవాడే దాన్ని బాగుచేసి పెట్టాడు.

ఆ తర్వాత ఫణి జోయెల్ దగ్గరికి వెళ్ళాడు. "క్షమించరా. నీచేత ఊరికే అన్నిసార్లు రాయించాను."

"రాసినందుకు బాధ లేదురా," అన్నాడు జోయెల్. "నాకు పని రాదేమో, మానేద్దామా అనుకున్నా. దానికి బాధ."

జోయెల్ మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. వినుకొండ బస్సు మాత్రం ఆ నెలాఖరుకి ఫోన్లో కనపడటం మొదలుపెట్టింది. షబీనా వాళ్ళ అబ్బా పొద్దున్నే ఫోన్ ముందు పెట్టుకుని, "వచ్చేసిందమ్మా, బయలుదేరు!" అని తనే కేకేసేవాడు. మిగతా బస్సులకి మాత్రం వీరాంజనేయులు గారు ఆ ఏడాది ఒప్పుకోలేదు.

నీతి: నలుగురి కోసం చేసే పనిని నలుగురి ముందు పెట్టే చెయ్యాలి, ఊరికే అందర్నీ అనుమానించేవాడు చివరికి ఎవరూ నమ్మని మనిషిగా మిగులుతాడు.