ఫాదిమత మూడో తిత్తి

అనగా అనగా, మన తాతల తాతల కాలంలో, ఎటు చూసినా ఇసుకే ఉన్న దేశంలో, ఫాదిమత అనే ముసలావిడ ఉండేది. ఒక గాడిద, ఒక తోలుతిత్తి, ఒక్కగానొక్క కొడుకు అమస్తాన్. అంతే ఆవిడకున్నది. ఊరి బావిలో నీళ్ళు తోడి, పరాయి దేశంనించి వచ్చి దిగిన పటాలం కోటకి మోసేది. ఆ మోతతోనే కొడుకుని పెంచింది.

వాళ్ళు తువారెగ్ జనం, ఎడారిలో మందలు మేపుకునేవాళ్ళు. పటాలంవాళ్ళు వాళ్ళ మందల్ని తోలుకుపోయారు, గుడారాలు కాల్చారు. ఓర్చీ ఓర్చీ జనం తిరగబడ్డారు. అమస్తాన్ కూడా తుపాకీ పట్టాడు. అందరూ కోటని చుట్టుముట్టి నీళ్ళు ఆపేశారు.

లోపల్నించి కేకలు. "నీళ్ళు! నీళ్ళు!"

ఫాదిమతకి ముద్ద దిగలేదు. తిత్తి నింపి భుజానేసుకుంది.

"ఏం పిన్నీ, కోటలో అల్లుడున్నాడా?" అని నవ్వారు ఊరివాళ్ళు.

"దాహమంటున్నారు నాయనా," అంది. వెళ్ళింది.

గోడ మీంచి మీసాల సిపాయి ఒకడు తాడు వదిలాడు. తిత్తి పైకి లాక్కుని, "అమ్మా, నీ మొహం చచ్చినా మర్చిపోను," అన్నాడు.

రెండో రోజూ కేకలే. రెండో రోజూ తిత్తి నింపింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకడు ఉమ్మాడు.

"దాహమంటున్నారు నాయనా," అంది. వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి అమస్తాన్ ఎదురొచ్చాడు. "నువ్వు ఎవరికమ్మవి? నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నా."

"నీకే అమ్మని. కేకలు వినపడుతుంటే చెవులెక్కడ పెట్టుకోనురా?"

వాడు తన మొహానికున్న నీలం గుడ్డ విప్పి ఆవిడ మీదకి విసిరాడు. "పోతే పో. ఇది కట్టుకుని పో. నా తల్లివని తెలీకూడదు."

ఆ దేశంలో మొహానికి గుడ్డ కట్టేది మగవాళ్ళు. ఆడవాళ్ళు కట్టరు. కొడుకు తన పరువు చూసుకున్నాడు. తల్లి కొడుకు మొహం చూసింది. కోట మీదున్న తుపాకుల సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

మూడో రోజు ఫాదిమత గుడ్డ కట్టుకుంది. ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు గుర్తుపడతారని. వెళ్ళింది.

గోడ మీంచి మీసాల సిపాయి చూశాడు. మొహం కప్పుకున్న మగాడెవడో, వీపున ఏదో బరువు. మందుగుండే అనుకున్నాడు. కాల్చాడు.

తిత్తిలో నీళ్ళన్నీ ఇసుకలోకి పోయాయి. గుడ్డ జారింది. సిపాయి ఆ మొహం చూసి గోడకేసి తల బాదుకున్నాడు. ఆ గొడవలోనే తిరగబడ్డవాళ్ళు గోడెక్కారు. కోట పడింది.

"మాకోసం ప్రాణమిచ్చింది," అన్నారు గెలిచినవాళ్ళు. "వాళ్ళ మనిషినొకణ్ణి చంపాం," అని రాసుకున్నారు పటాలంవాళ్ళు. రెండూ అబద్ధమే. ఆవిడ నీళ్ళు తీసుకెళ్ళింది, అంతే.

అమస్తాన్ చచ్చేదాకా మళ్ళీ మొహం కప్పుకోలేదు. ఎవరూ వాడి వంక చూడలేకపోయేవారు.

ఇప్పటికీ ఆ బావి దగ్గర ఎంత ఇసుకగాలి లేచినా ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకోరు. కళ్ళల్లో ఇసుక పడి నీళ్ళు కారుతుంటాయి.

"ఏదో ఒకటి కట్టుకోండే, కళ్ళు పోతాయి," అంటారు మగవాళ్ళు.

"పోనీ. ఫాదిమత మీ మాట విని కట్టుకుందిగా," అంటారు వాళ్ళు.