కోనంతా ముంగిసలే

ఉలవకోనలో ఎండాకాలం వస్తే ఒక్క మడుగే మిగులుతుంది. అందులో ఎవరు ముందు తాగాలన్నది బరిలో తేలాలి. జట్టుకు ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. గీత దాటి బయటపడితే ఓడినట్టే. మీరు ఫోనుల్లో వింత జంతువులను ఎంచుకుని పోట్లాడిస్తారు చూశారా, అలాగే అనుకోండి. గెలిచిన జట్టుకు తేటనీళ్ళు. ముగ్గురికి ముగ్గురూ ఓడితే ఆఖరి వంతు, అడుగు బురద.

తూర్పుగట్టు జట్టుకు ఎలుగుబంటి పెద్ద. దాని జట్టును ఏదుపంది సూరమ్మ వరసగా మూడేళ్ళు గెలిపించింది. ముళ్ళు విప్పుకుని కూర్చుంటే ఆమెను కదిపినవాడు లేడు. ఆ రోజుల్లో ఏ జట్టులో చూసినా ఏదుపందులే! నాలుగో ఏడు, అంటే పోయిన వేసవిలో, ఒక ముంగిస ముళ్ళ కింద నుంచి దూరి పొట్ట కొరికింది. సూరమ్మ గీత దాటింది.

ఈ ఏడు బరికి మూడు రోజుల ముందు పడమటిగట్టు జట్టుకు పెద్ద అయిన నక్క వచ్చింది.

"మామా, ఇంకా ఆ ముళ్ళబుట్టనే మోస్తున్నావా?"

"మూడేళ్ళు గెలిపించిందిరా."

"అది పాత పంచాంగం. కొండగట్టు వాళ్ళూ ముంగిసలే, వాగుగట్టు వాళ్ళూ ముంగిసలే. అందరూ మారారు. నీ ఇష్టం మరి, పిల్లలకు బురద తాగించుకో."

ఎలుగుబంటికి ఇద్దరు పసికూనలు. ఆ మాట గుచ్చుకుంది. "అందరూ సరే, మరి నువ్వు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. నేరుగా సూరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"చెల్లీ, ఈ ఏడు నువ్వు విశ్రాంతి తీసుకో."

"ఒక్కసారి ఓడాననా అన్నా?"

"కాలం మారిందమ్మా."

"మారింది, కాదనను. మళ్ళీ మారదా? అందరూ ముంగిసలనే దింపితే, ముంగిసను పట్టేవాడు రాడా? మొన్న నేను వాగు దగ్గర..."

ఎలుగుబంటి అప్పటికే వెనుదిరిగింది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, బరిలో దిగేవాళ్ళ లెక్క చూసే కాకి దగ్గరికి వెళ్ళి మూడు ముంగిసల పేర్లు చెప్పేసింది. కాకికి ఒకసారి చెప్పిన పేరు మార్చుకోవడం కోనలో లేదు.

బరిలో పడమటిగట్టు నుంచి గద్ద దిగింది. మొదటి ముంగిసను మెడ పట్టి లేపి గీత అవతల పడేసింది. రెండోదాన్నీ అంతే. మూడోది భయపడి తానే బయటికి దూకింది.

"నేను అబద్ధమాడలేదు మామా," అంది నక్క. "నువ్వు నా జట్టు సంగతి అడగలేదుగా!"

ఎలుగుబంటి గుంపులో సూరమ్మను వెతుక్కుంది. "చెల్లీ, గద్దను నువ్వు ఆపేదానివా?"

"మొన్న వాగు దగ్గర నా మీద వాలబోయి, కాలికి ముల్లు గుచ్చుకుని కుంటుకుంటూ పోయిందన్నా. ఆ రోజు అదే చెప్పబోయాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆ వేసవంతా తూర్పుగట్టుకు ఆఖరి వంతే. సూరమ్మదీ అదే గట్టు కదా, ఆమె కూడా కూనల పక్కన నిలబడి ఆ బురదే తాగేది. ఒకరోజు చిన్న కూన మూతి తుడుచుకుంటూ అడిగింది: "అత్తా, నువ్వెందుకు బరిలోకి దిగలేదు?"

సూరమ్మ ఎలుగుబంటి వైపు ఒకసారి చూసింది.

"ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేదమ్మా."

ఎలుగుబంటి పక్కకు జరిగి, మడుగు దగ్గర తన చోటు సూరమ్మకు ఇచ్చింది.

నీతి: నిన్న గెలిచినదాని వెంట పరుగెత్తేవాడు, రేపు ఆదుకునేవాణ్ణి వెనకే వదిలేసి పోతాడు.