బార్లీ చేలో కాలిబాట

హ్యాటీకి వచ్చిన కష్టం ఇదీ: ఆమె రాసిన థీసిస్ అధ్యాయంలో ఎవరూ ఒక్క తప్పు పట్టలేరు. అలాగని ఎవరూ దాన్ని చదవనూ లేరు.

దాన్ని పరీక్షించే కమిటీలో ముగ్గురు. ఒకాయన తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాడు. ఒకావిడ మార్జిన్లో పెన్సిల్‌తో "అలసిపోయాను" అని రాసి వెనక్కి పంపింది. మూడో ఆయన డాక్టర్ ప్రౌట్ ఏమీ రాయలేదు. కాఫీ మరక ఒకటి వదిలాడు, అదీ మొదటి పేజీ మీదే.

నెలాఖరుకి మళ్ళీ రాసివ్వాలి. ఈసారీ నెగ్గకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది, దాని వెనకే వీసా పోతుంది. సూట్‌కేసు సర్దుకుని ఇంగ్లండు నుంచి అమెరికాలో తన రాష్ట్రం వయోమింగ్‌కి పోవాలి.

"ఒక్క తప్పు చూపించమనండి," అనేది హ్యాటీ. ఎవరు కనబడితే వాళ్ళతో అదే మాట. హాస్టల్ వంటగదిలో పాస్తా ఉడకబెట్టుకుంటున్న వాళ్ళతో కూడా. వాళ్ళు గిన్నె దించుకుని గదుల్లోకి పోయేవాళ్ళు.

అమెరికాలో కాలేజీ రోజుల్లో ఆమె డిబేట్ జట్టుకి కెప్టెన్. ఎదుటివాడు నోరు తెరవకముందే వాడు అనబోయే మాటకి జవాబు సిద్ధంగా ఉంచుకునే పిల్ల. ఆ విద్య తక్కువదేం కాదు. ఎన్ని కప్పులు గెలిచిపెట్టిందో ఆమెకి! కానీ ఇంగ్లండు వచ్చి థీసిస్ కూడా ఆ విద్యతోనే రాసింది. చదివేవాడు ఏ వైపు నుంచి వచ్చినా అక్కడ ముందే అడ్డం కట్టేసింది.

ఇంతకీ ఆమె విషయం ఏమిటంటే, ఆరొందల ఏళ్ళ కిందట ఒక క్రైస్తవ సన్యాసినుల మఠంలో జరిగిన తగాదాలు. కూరలో ఉల్లిపాయలు ఎక్కువయ్యాయని ఒకరు, తెల్లవారుజాము ప్రార్థనలో పక్కావిడ గురకపెట్టిందని ఇంకొకరు. ఇంత రుచికరమైన సంగతిని ఎవరికీ మింగుడు పడకుండా రాయడం మాటలా?

ఆమె గైడ్ పేరు ఐలీన్ ఆష్‌బీ. డెబ్బై దాటిన మనిషి, మాట పొదుపు. అక్కడి విద్యార్థులందరూ ఆవిడను ఐలీన్ అనే పిలుస్తారు. హ్యాటీకి మాత్రం నోరు రాదు, "ప్రొఫెసర్" అంటుంది.

"శనివారం మా ఇంటికి రా," అన్నారు ఆష్‌బీ గారు. "చర్చి దగ్గర బస్సు దిగు. చేలోంచి నడిస్తే పది నిమిషాలు. కేకు చేస్తాను."

శనివారం ఆవిడ తలుపు తీసేసరికి గుమ్మంలో హ్యాటీ మోకాళ్ళ దాకా తడిసి నిలబడి ఉంది. పక్కనుంచి పోయిన కారేదో గుంటలో నీళ్ళు చిమ్మినట్టుంది, చెంప మీద ఇంకా బురద ఉంది. అధ్యాయం పెట్టిన ఫైలు మాత్రం కోటు లోపల పొడిగా ఉంది.

"గంట ఆలస్యం," అన్నారు ఆవిడ. "నీ కేకు ముక్క తినేశాను."

"రోడ్డంట చుట్టూ తిరిగి వచ్చాను, ప్రొఫెసర్."

"రోడ్డంట ఎందుకు? చేలో దారి ఉందిగా."

"చేనికి కంచె వేసి ఉంది."

"కంచెకి మెట్లున్నాయి."

"అవి రైతు కోసం అనుకున్నాను."

"రైతుకి గేటుంది కదమ్మా."

ఇంగ్లండులో ఇదొక పాత ఆచారం. చేను ఒకరిది, అందులో దారి అందరిదీ. తరతరాలుగా జనం నడిచిన కాలిబాట ఎవరి పొలంలోంచి పోతున్నా సరే, మూసేయడానికి లేదు. దున్నినా విత్తినా మనిషి నడిచేటంత మేర మళ్ళీ తీసిపెట్టాల్సిందే. కంచె అడ్డం వచ్చినచోట ఎక్కి దిగడానికి రెండు చెక్కమెట్లు ఉంటాయి. వయోమింగ్‌లో పశువుల మందల మధ్య పుట్టిన పిల్లకి ఇది ఎవరు చెప్పారు గనక? ఆ దేశంలో కంచె అంటే కంచే.

టీ పోసి ఇచ్చారు ఆష్‌బీ గారు. టీ చల్లారిపోయేదాకా హ్యాటీ మాట్లాడింది.

"పొడుగుగా ఉందంటారు. పొడుగు తప్పు కాదు కదా? అసలు సంగతి ఎప్పుడొస్తుందంటారు. సంగతి రావాలంటే ముందు తగాదా అంటే ఏమిటో తేల్చొద్దూ? తేల్చకపోతే ఎవడో ఒకడు లేచి, ఇది తగాదా కాదు, చర్చ అంటాడు. వాడు లేవకముందే కూర్చోబెట్టాను."

"కూర్చున్నారా?"

"అందరూ."

"ఊఁ," అన్నారు ఆష్‌బీ గారు. లేచి గంబూట్లు తొడుక్కున్నారు. "పద, బస్సు దాకా వస్తాను."

ఇంత దూరం రప్పించి, ఒక్క పేజీ తిప్పకుండా పంపించేస్తున్నారు. అంటే ఈవిడ కూడా వదులుకున్నట్టే. ఫైలు గుండెకి ఆనించుకుని వెనకే నడిచింది.

ఇంటి వెనక సందు దాటగానే కంచె, దాని అవతల నడుమెత్తు పచ్చటి బార్లీ చేను. ఆష్‌బీ గారు చెక్కమెట్లెక్కి అవతలకి దిగారు. హ్యాటీ ఇవతలే ఆగిపోయింది.

"రా."

"మా తాతగారి గేటుకి ఒక బోర్డుంటుంది, ప్రొఫెసర్. ముందు కాలుస్తాం, తరవాత అడుగుతాం అని."

"ఎవరినైనా కాల్చారా?"

"లేదు. ఎవరూ రాలేదు."

"పాపం," అన్నారు ఆష్‌బీ గారు.

చేను పక్కన ట్రాక్టర్ ఒకటి ఆగి ఉంది. దాని మీద కూర్చుని శాండ్‌విచ్ తింటున్న రైతు గ్రిమ్‌షా ఇటు తిరిగాడు.

"ఐలీన్, ఆ పిల్లెందుకు అక్కడ నిలబడింది?"

"అమెరికా నుంచి వచ్చింది."

"ఓహో." నమలడం పూర్తిచేశాడు. "దిగమను. శనివారాలు నేనెవరినీ కాల్చను."

హ్యాటీ మెట్లెక్కి దిగింది. దొంగతనానికి వచ్చినట్టు భుజాలు ముడుచుకుని దిగింది.

బార్లీ మధ్య కాలిబాట ఒక మనిషి పట్టేటంతే ఉంది. ఇద్దరు పక్కపక్కన నడవడానికి లేదు. ఆష్‌బీ గారు ముందు, ఆమె వెనక. ఆవిడ నడక చూస్తే డెబ్బై దాటిన మనిషి అని ఎవరూ అనరు.

"నీ సన్యాసినులు నిజంగా అంత పోట్లాడుకునేవాళ్ళా?" అడిగారు వెనక్కి తిరక్కుండా.

"పోట్లాట అనే మాటని నేను రెండు అర్థాల్లో..."

ఆష్‌బీ గారు ముందుకు వెళ్ళిపోయారు. వినబడలేదో, వినలేదో. హ్యాటీ పరుగులాంటి నడకతో అందుకుంది.

"అంటే, ఒక రకంగా చూస్తే పోట్లాటే, కానీ దానికి మూడు షరతులు..."

ఆవిడ మళ్ళీ అల్లంత దూరంలో ఉన్నారు. ముఖం కనబడని మనిషితో వాదం ఎలా పెట్టుకోవడం? తల ఊపుతున్నారో లేదో తెలియదు. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ తగ్గాలో తెలియదు. బురదలో ఒక కాలు, పరుగులో ఒక కాలు. షరతులకి ఊపిరి చాల్లేదు.

"ఆగ్నెస్ అని ఒకావిడుండేది, ప్రొఫెసర్," అంది రొప్పుతూ. "కుక్కపిల్లని వదులు అంగీలో దాచుకుని ప్రార్థనకి తెచ్చేది."

ఆవిడ నడక కొంచెం తగ్గింది.

"మఠంలో ఎవరికీ ఎవరితో మాటల్లేవు. ఉల్లిపాయల గొడవ. ఆ ఏడాది బిషప్ తనిఖీకి వచ్చాడు. అందరూ పాట ఎత్తుకున్నారు. ఆయన కూడా గొంతు కలిపాడు. ఆయన గొంతు వినగానే కుక్క ఊళ అందుకుంది."

నడక ఆగింది.

"బిషప్ పాట ఆపి, ఎవరిదీ కుక్క అని అడిగాడు. ఆగ్నెస్ నోరు తెరిచేలోపల పక్కావిడ, నాది అంది. గురక పెట్టినావిడ లేచి, కాదు నాది అంది. ఉల్లిపాయల దగ్గర కొట్టుకున్నవాళ్ళిద్దరూ ఒకేసారి లేచి, మాది అన్నారు. మఠం మఠమంతా నిలబడి నాది నాది అంటోంది."

ఆష్‌బీ గారు వెనక్కి తిరిగారు. నవ్వుతున్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు.

ట్రాక్టర్ వైపు నుంచి గ్రిమ్‌షా గొంతు వచ్చింది. "మరి కుక్కనేం చేశారు?"

"బయటికి పంపెయ్యమని బిషప్ హుకుం రాసిచ్చాడు," హ్యాటీ గట్టిగా చెప్పింది, ముడుచుకున్న భుజాలు ఎప్పుడు విచ్చుకున్నాయో ఆమెకే తెలియదు. "మరుసటి ఏడాది వచ్చి, అదే హుకుం మళ్ళీ రాశాడు."

గ్రిమ్‌షా శాండ్‌విచ్ పట్టుకున్న చేత్తోనే తొడ చరుచుకున్నాడు.

చేను చివర మళ్ళీ కంచె, మళ్ళీ మెట్లు. అవతల బస్సు స్టాపు. ఆష్‌బీ గారు చెయ్యి చాచారు. హ్యాటీ ఫైలు ఇచ్చింది.

"ఈ కుక్క ఇందులో ఎక్కడుంది?"

"ముప్పై నాలుగో పేజీలో. కింద, ఫుట్‌నోట్‌లో."

"అంతకు ముందు ఏమున్నాయి?"

"నిర్వచనాలు. అభ్యంతరాలు, వాటికి జవాబులు."

ఆష్‌బీ గారు క్లిప్పు తీశారు. ముప్పై నాలుగో పేజీ నుంచి ఒక చేతిలోకి తీసుకున్నారు. మిగిలిన కట్టని పొద్దుటి వానకి తడిసి ఉన్న చెక్కమెట్టు మీద పరిచి, దాని మీద కూర్చుని చదవడం మొదలుపెట్టారు.

హ్యాటీ ఒక అడుగు ముందుకు వేసింది.

"ప్రొఫెసర్, అవి నా నిర్వచనాలు."

"బావున్నాయి," అన్నారు ఆవిడ పేజీ తిప్పుతూ. "చలి తగలడం లేదు."

హ్యాటీ దగ్గర లోకంలో ప్రతి అభ్యంతరానికీ జవాబుంది. దీనికి లేదు. వెతికింది. మూడు నెలల కష్టం మీద గంబూట్లు ఊపుకుంటూ కూర్చున్న పెద్దావిడని చూస్తూ వెతికింది. కోపం రావాల్సిన చోట ఏదో గొంతులో గిలిగింతగా కదిలింది. పెదవి బిగబట్టింది. లాభం లేకపోయింది. పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చి చెంప మీది బురద కరిగేటంతగా.

ఆష్‌బీ గారు తల ఎత్తకుండానే కొంచెం పక్కకి జరిగి చోటిచ్చారు. హ్యాటీ కూడా కూర్చుంది. నిజమే, చలి తగలడం లేదు.

ఆవిడ చేతిలో పేజీలు చూస్తూ అడిగింది. "ఇవన్నీ ముందునుంచి తీసేస్తే, ఎవరో ఒకరు వచ్చి తప్పు పడతారు కదా?"

"పట్టాలంటే రావాలిగా," అన్నారు ఆష్‌బీ గారు.

అంతలో బస్సొచ్చింది.

ఆ నెల హాస్టల్ వంటగదిలో ఎవరూ గిన్నె దించుకుని పారిపోలేదు. పాస్తా ఉడుకుతుంటే హ్యాటీ రాసిన పేజీ చదివి వినిపించేది. కొత్త అధ్యాయం మొదటి వాక్యంలోనే కుక్క ఊళ వేసింది. నిర్వచనాలు పూర్తిగా పోలేదు. అవసరమైనవి నాలుగు వెనక వరసలో బుద్ధిగా కూర్చున్నాయి.

నెలాఖరున కమిటీ కూర్చుంది. ఆష్‌బీ గారు బయట వరండాలో బల్ల మీద అల్లిక పని పెట్టుకుని కూర్చున్నారు. అరగంటలో అయిపోవాల్సిన సమావేశం రెండు గంటలైనా కాలేదు. తలుపు వెనక డాక్టర్ ప్రౌట్ గొంతు లేస్తోంది. దాని మీద హ్యాటీ గొంతు. దాని మీద ఇంకెవరిదో.

చివరికి తలుపు తెరుచుకుంది. హ్యాటీ బయటికి వచ్చింది. జుట్టు చెదిరి ఉంది, గొంతు బొంగురుపోయింది.

"ఏమయింది?"

"నెగ్గింది." గోడకి చేరబడింది. "డాక్టర్ ప్రౌట్ ఒప్పుకోవడం లేదు. ఆ కుక్క అసలు మఠం పెద్దావిడదే అయి ఉంటుందట, ఆధారాలు తెచ్చి చూపిస్తానంటున్నారు. లోపల వాళ్ళు ముగ్గురూ ఇంకా దాని మీదే కొట్టుకుంటున్నారు."

"అయితే తప్పులు పట్టారన్నమాట."

"బోలెడు," అంది హ్యాటీ. ఆమె ముఖం వెలిగిపోతోంది. "చివరి పేజీ దాకా పట్టారు, ఐలీన్."