మొగ దారి చూపిన గరగయ్య

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో గరగయ్య అని ఒక పడవవాడు ఉండేవాడు తల్లీ. ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. ఆ ఊరి మొగలో నీళ్ళ కింద అన్నీ రాళ్ళే. చిన్న పడవలు ఎలాగోలా వచ్చేసేవి. పెద్ద ఓడ లోపలికి రావాలంటే మాత్రం గరగయ్య ముందు కూచుని దారి చూపించాల్సిందే.

ఎక్కడో దూరాన ఒక రాజ్యం అప్పుడప్పుడే బలుస్తోంది. ఆ రాజుకి ఒడ్డున ఉన్న ఊళ్ళన్నీ తన మాట వినాలని ఆశ. యుద్ధానికి రాలేదు. ఓడ నిండా సరుకు పంపాడు.

ఆ ఓడ దొర నవ్వుతూ దిగాడు. ఊరందరికీ పటికబెల్లం పంచాడు. "గరగయ్యా, లోపలికి దారి చూపిస్తావా?" అన్నాడు. గరగయ్య చూపించాడు.

మరుసటేడు మళ్ళీ వచ్చాడు. మంచినీళ్ళ బావి తవ్వించాడు. అప్పుడు, "సరుకు తడిసిపోతోంది, ఒక గిడ్డంగి కట్టుకుంటాం" అన్నాడు. ఊరివాళ్ళు వెనకాడితే గరగయ్యే నచ్చజెప్పాడు. "మంచోళ్ళు, కట్టుకోనివ్వండి."

మూడో ఏడు ఇంకో మాటడిగాడు. "నువ్వు పెద్దవాడివవుతున్నావు. ఆ దారేదో మాకూ నేర్పు." గరగయ్య పొంగిపోయాడు. నెల్లాళ్ళు వాళ్ళతో తిరిగి, ఎక్కడ రాయి ఉంటే అక్కడ గడకర్ర పాతించాడు.

ఆ తర్వాత ఓడలొచ్చాయి కానీ గరగయ్యని ఎవరూ పిలవలేదు. గిడ్డంగి చుట్టూ గోడ లేచింది. గోడ మీద తుపాకులు పెట్టారు. "మా ఓడలు కదులుతున్నప్పుడు మీ పడవలు బయటే ఆగాలి. మేం జెండా ఊపితేనే రావాలి" అన్నారు.

ఒకనాడు మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. గరగయ్య చెల్లెలు నూకాలమ్మ మొగుడు తాతాజీ చేపల వేటకెళ్ళి తిరిగొస్తున్నాడు. దొర వాళ్ళ ఓడ మొగలో అడ్డంగా కదులుతోంది. జెండా ఊపలేదు. గరగయ్య ఒడ్డున నిలబడి గొంతు పోయేలా అరిచాడు. బయటే ఆగిన తాతాజీ పడవ అందరి కళ్ళముందే రాళ్ళకి కొట్టుకుని ముక్కలైపోయింది. తాతాజీ మళ్ళీ పైకి తేలలేదు.

గరగయ్య తడిబట్టలతోనే దొర దగ్గరికి పరుగెత్తాడు. దొర కుర్చీ వేయించి కూచోబెట్టాడు. "పాపం, నాకూ బాధగానే ఉంది. కానీ కట్టడి కట్టడే కదా" అన్నాడు.

అప్పుడు చెల్లెలి గడప దగ్గరికి వెళ్ళాడు. నూకాలమ్మ ఏడవలేదు. "వాళ్ళకి దారి చూపించింది నువ్వే కదన్నా" అంది. తలుపు వేసుకుంది.

గరగయ్య ఏట్లో దిగి గడకర్రలన్నీ పీకేశాడు. ఏం లాభం? దారి అప్పటికే వాళ్ళ కాగితాల మీదికెక్కింది.

ఆ తర్వాత ఒడ్డు వెంబడే నడుచుకుంటూ పోయాడు. మొదటి ఊళ్ళో జరిగింది చెబితే నవ్వారు. రెండో ఊళ్ళో అప్పటికే గిడ్డంగి లేచింది. మూడో ఊరికి పైడమ్మ అనే ముసలావిడ పెద్ద. ఆవిడ అంతా విని, "నీ మాట ఎందుకు నమ్మాలి?" అంది.

"మా ఊరి దారి చూపించిన చెయ్యి ఇదేనమ్మా" అని గరగయ్య చెయ్యి చాపాడు.

పైడమ్మ నమ్మింది. ఓడ వచ్చినప్పుడు ఆ ఊరివాళ్ళే పడవల్లో ఎదురెళ్ళి, నడిసముద్రంలోనే సరుకు మార్చుకుని వెనక్కొచ్చేశారు. ఎవరినీ మొగ దాటనివ్వలేదు.

గరగయ్య ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. నూకాలమ్మకి ఎన్ని కబుర్లు పంపినా, తను పోయేదాకా ఒక్క జవాబూ రాలేదు తల్లీ.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి.